టెక్ సందేహాలు: కొటేషన్ కంపెనీది, వెళ్లింది సొంత జీమెయిల్ నుంచి

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం మాది. సొంత జీమెయిల్, కంపెనీ డొమైన్ మెయిల్, జీఎస్టీ పనులకు ఒకటి, ఎగుమతుల కోసం మా అబ్బాయి తెరిచింది ఒకటి... నాలుగూ థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్నాం. కంపెనీ పేరుతో పంపాల్సిన కొటేషన్లు నా సొంత జీమెయిల్ నుంచి వెళ్లిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: రాజాం నుంచి, విజయనగరం ఆడిట్ ఆఫీసుల నుంచి కూడా ఇదే ఫిర్యాదు. మీరు అన్ని ఖాతాల మెయిళ్లూ కలిపి చూపించే యూనిఫైడ్ ఇన్‌బాక్స్‌లో ఉండి 'న్యూ మెసేజ్' నొక్కుతున్నారు. ఆ ఇన్‌బాక్స్ ఏ ఒక్క ఖాతాదీ కాదు. కాబట్టి ప్రోగ్రామ్ డిఫాల్ట్ ఖాతాను పట్టుకుంటుంది. అది మీ జీమెయిల్. అకౌంట్ సెట్టింగ్స్‌లో కంపెనీ ఖాతాను ఎంచుకుని, అకౌంట్ యాక్షన్స్‌లో 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కండి. పెళ్లి శుభాకాంక్షలు కంపెనీ పేరుతో వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. కొటేషన్ సొంత పేరుతో వెళ్తేనే బేరం చెడుతుంది.

రిప్లైలు కూడా తప్పు పేరుతో వెళ్తుంటే ఎవరో కంపెనీ మెయిల్‌ను జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టి ఉంటారు. అది తీసేయండి. కంపెనీ మెయిల్‌ను విడిగా ఐమ్యాప్ (మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే పద్ధతి) ఖాతాగా పెట్టండి: లోపలికి 993 పోర్టు, ఎస్‌ఎస్‌ఎల్, బయటికి 465 లేదా 587. ఆ ఖాతా పేజీలో అడుగున ఉండే 'అవుట్‌గోయింగ్ సర్వర్' కూడా కంపెనీదే అయి ఉండాలి. సెటప్ చేసే కుర్రాళ్లు తొంభై శాతం తొందరలో వదిలేసేది ఇదే. కంపెనీ మెయిల్‌ను జీమెయిల్ సర్వర్ గుండా పంపితే, అక్కడ ఆ అడ్రసు నమోదై లేనప్పుడు ఫ్రమ్‌లో జీమెయిల్ అడ్రసే వేసి పంపుతుంది.

మీరు అడగని సంగతి ఒకటుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. పచ్చి జీడిగింజలు ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు అడ్వాన్సులు కట్టేది మెయిల్లో వచ్చిన ఇన్‌వాయిస్ చూసే. మీ పాస్‌వర్డ్ దొరికినవాడు వెంటనే ఏమీ దోచుకోడు. బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌మెయిల్‌లోకి వెళ్లి ఒక ఫిల్టర్ రాస్తాడు: 'ఇన్‌వాయిస్' అన్న మాట ఉన్న ప్రతి మెయిలూ తనకొక కాపీ, మీ ఇన్‌బాక్స్‌లో కనబడకుండా ఆర్కైవ్‌కి. సమయం చూసి, బ్యాంకు ఖాతా మారిందంటూ బ్రోకర్ పేరుతో తనే మెయిల్ పంపుతాడు. ఆ ఫిల్టర్ ఉండేది సర్వర్‌లో. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా కనబడదు. పాస్‌వర్డ్ మార్చినా అది పోదు. డెస్క్‌టాప్ మెయిల్‌కి అలవాటుపడి వెబ్‌మెయిల్ ముఖమే చూడనివాళ్లు దీనికి సులువుగా దొరుకుతారు. ఈ రోజే నాలుగు ఖాతాలూ బ్రౌజర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ రెండూ చూడండి. మీరు పెట్టనిది ఏదున్నా తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి.

పంపినవాళ్ల పేరు మాత్రం చూసి నమ్మొద్దు. థండర్‌బర్డ్‌లో ఏదైనా మెయిల్ తెరిచి, పైన 'మోర్' మెనూలో 'కస్టమైజ్'లోకి వెళ్లి, పంపినవారి పూర్తి అడ్రసు ఎప్పుడూ చూపించమని టిక్ ఉండేలా చూడండి. ఖాతా నంబరు మారిందంటే, ఆ మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుకి కాకుండా మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. డబ్బు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే వెంటనే మీ బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇంకో మాట. అప్‌డేట్ పేరుతో వస్తున్న కొన్ని కొత్త మెయిల్ ప్రోగ్రాములు, వేరే కంపెనీ ఖాతా కలపగానే ఆ మెయిళ్లను తమ సర్వర్‌లోకి లాక్కుంటాయి. తెర మీద 'సింక్' అని చిన్న అక్షరాల్లో రాసి, 'కంటిన్యూ' అని పెద్ద బటన్ పెడతారు. నా మెయిల్ నా సిస్టమ్‌లో చదువుకోవడానికి మధ్యలో మూడోవాడి సర్వర్ దేనికి? ఆ చిన్న అక్షరాలు చదివాకే బటన్ నొక్కండి.

ప్రశ్న: ఆమదాలవలసలో మా షాపు సిస్టమ్‌లో మెయిల్ తెరిస్తే ఫోన్‌లో మాయమైపోతున్నాయి.

జవాబు: మీది పాప్ ఖాతా, అంటే మెయిళ్లను సిస్టమ్‌లోకి దించుకునే పద్ధతి. 'లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్' టిక్ లేనందువల్ల, దించుకోగానే సర్వర్‌లో చెరిగిపోతున్నాయి. ముందు ఆ టిక్ పెట్టండి. పాప్ ఖాతాను ఉన్నపళంగా ఐమ్యాప్‌గా మార్చలేం. అదే అడ్రసును ఐమ్యాప్‌గా కొత్తగా కలిపి, పాత మెయిళ్లను కొన్ని వందల చొప్పున కొత్త ఖాతా ఫోల్డర్లలోకి కాపీ చేయండి. వేలకు వేలు ఒకేసారి లాగితే మధ్యలో ఆగిపోతుంది. జీమెయిల్ అయితే 15 జీబీలో డ్రైవ్, ఫోటోలు కూడా కలిసే ఉంటాయని గుర్తుంచుకోండి. అన్నీ చేరాయని బ్రౌజర్‌లో చూసుకున్నాకే పాత ఖాతా తొలగించండి. అప్పుడు అడిగే 'రిమూవ్ మెసేజ్ డేటా' దగ్గర మాత్రం టిక్ పెట్టొద్దు.