పుల్ల కూడా రాని పెన్న

నెల్లూరు

అబ్బయ్యా,

కోర్సు కోసమని నువ్వు రాసిన వ్యాసమూ, దాంతో పంపిన రొయ్యల గుంటల వార్తా చదివాను. విలేకరి తామరాకు మీద నీటిబొట్టులా ఉండాలని వ్యాసంలో రెండు పేజీలు రాశావు. సరే. వార్తలో మాత్రం 'స్థానికులు చెబుతున్నారు' అని 9 చోట్ల ఉంది. లెక్కపెట్టాను. ఎవరయ్యా ఈ స్థానికులు? ఒక్కరికీ పేరు లేదు.

మన దర్శనాలు, అంటే మన పాత తత్వశాస్త్రాలు, విలేకరికి ఎందుకంటే మనశ్శాంతికట, నీ వ్యాసం ప్రకారం. ఆదివారం అనుబంధాల వాళ్లు అంటించిన జబ్బు ఇది. 'ధ్యానం గురించి ఏమీ లేదే' అని నా వ్యాసమొకటి తిప్పి పంపారు కూడా. నాకు అక్కరకొచ్చింది న్యాయశాస్త్రం. కోర్టుది కాదు, న్యాయసూత్రాలు రాసిన అక్షపాద గౌతముడిది. ఒక సంగతి నిజంగా తెలుసుకునే దారులను ప్రమాణాలంటారు. ఆయన చెప్పినవి 4: ప్రత్యక్షం (స్వయంగా చూడ్డం), అనుమానం (సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చడం), ఉపమానం (పోలికతో తెలుసుకోవడం), శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే మనం దగ్గరివాడు అనుకుంటాం. అక్కడ మాత్రం, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనన్నాడు ఆ సూత్రాలకి భాష్యం (వివరణ) రాసిన వాత్స్యాయనుడు. అంటే కలెక్టరాఫీసు ప్రెస్ నోటుకీ, గుంట కాడ కాపలా మనిషి మాటకీ ఒకటే పరీక్ష.

అనుమానం దగ్గర నేనే దెబ్బ తిన్నాను. లైన్ ఎకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బుల మీద, బతికే రోజులు. సంగం దగ్గర పెన్నలో నీళ్లు పెరిగాయి. బస్సు కిటికీలోంచి చూసి 'ఎగువన భారీ వర్షాలు' అని పంపేశా. డెస్కు వాళ్లు 'పెన్న ఉగ్రరూపం' అని హెడ్డింగు తగిలించారు. తెల్లారి లస్కరు, అంటే ఇరిగేషన్ వాళ్ల కాలవ మనిషి, నవ్వాడు: "వానెక్కడ సార్? పైన సోమశిల డ్యాంలో నీళ్లొదిలారు." సవరణ వెయ్యమంటే, "రేపటికి ఎవరికి గుర్తుంటుంది" అన్నాడు డెస్కు ఇన్‌చార్జి. 30 ఏళ్లయింది. నాకు గుర్తుంది.

తర్వాతెప్పుడో న్యాయసూత్రాల్లో అచ్చం ఇదే కనపడింది. ఏరు పొంగితే పైన వాన పడిందంటారు, అడ్డుకట్ట వల్ల కూడా పొంగొచ్చు గదా అని ఒక ఆక్షేపణ. నీళ్లు పెరిగితే చాలదు, వడి పెరిగిందా, నురగ ఎక్కువైందా, ఆకులూ కాయలూ కట్టెలూ కొట్టుకొస్తున్నాయా చూడాలి అని భాష్యం జవాబు. ఆ రోజు పెన్నలో పుల్ల కూడా రాలేదని లస్కరు చెప్పాకే తెలిసింది. నేను బస్సు దిగితే గదా.

నీ వార్తలో రొయ్యల గుంటల వల్లే ఊరి బావి ఉప్పయిందని తేల్చేశావు. గుంటలు రాకముందు ఆ నీళ్లెట్టుండేవి? బోర్లు ఎక్కువ తోడితే సముద్రపు నీళ్లు లోపలికొచ్చి కూడా ఉప్పవుతాయి, అది కనుక్కున్నావా?

ఆ నీళ్లు దోసిట పట్టి తాగి చూశానన్న వాక్యం బాగుంది. కోర్సు సంగతి తర్వాత. ముందు ఆ ఊరు మళ్లీ పో. వచ్చేటప్పుడు రెండు సీసాల్లో నీళ్లు పట్టుకురా, గుంట పక్క బావివి ఒకటి, దూరపు బావివి ఒకటి. నేనూ తాగి చూస్తా.