తెరమీద నిలిచిన వంతెన

ప్రశ్న: కంప్యూటరులో లెగో ఇటుకలతో నేను రూపొందించిన వంతెన తెరమీద చక్కగా నిలిచింది కానీ, నిజమైన ఇటుకలతో కట్టగానే నడుమ విరిగిపోయింది. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: తెరమీది ఇటుకకు బరువు ఉండదు, ఇటుక పైనుండే గుండ్రని బొడిపె ఒక్కదాని ఆధారంతో వేలాడే భాగం కూడా అక్కడ కదలకుండా నిలుస్తుంది కనుక, పై వరుస అతుకులు కింది వరుస అతుకుల మీదనే పడ్డాయేమో ముందుగా పరిశీలించండి. అతుకు మీద అతుకు పడకుండా గోడ కట్టే మేస్త్రీ పాటించే పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలక అనే పలుచని లెగో ముక్క ఎత్తు 3.2 మిల్లీమీటర్లు కాబట్టి, ఒక ఇటుక వరుస స్థానంలో మూడు పొరల పొడవైన పలకలను, అతుకులు ఒకచోట కలవకుండా పరిస్తే, ఎత్తు మారకుండానే వంతెన గట్టిపడుతుంది. నా దృష్టిలో ఇంతకన్నా మంచి మార్గం లేదు. లెగో నమూనాలు రూపొందించే బ్రిక్‌లింక్ స్టూడియో అనే కంప్యూటరు ప్రోగ్రాములో నమూనా నిలకడను పరీక్షించే సదుపాయం కూడా ఉంది. తెరమీద మీరు ఎంచుకున్న రంగులో ఒక్కో ముక్క నిజంగా తయారైందో లేదో కొనేముందే చూసుకోండి.