సెండ్ నొక్కకండి బ్రదర్, ముందు అన్నయ్యతో మాట్లాడండి

ప్రశ్న: నాన్న మంచంలో ఉన్నప్పుడు అన్నయ్య ఆయనతో సంతకం పెట్టించుకుని ఇల్లు తన పేర రాయించుకున్నాడు. ఇప్పుడు సంఘపెద్ద అవ్వబోతున్నాడు. తాగి పాస్టర్‌గారిని బూతులు తిట్టిన వాయిస్ రికార్డింగ్ నా దగ్గరుంది, చర్చి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేద్దామనుంది. పాస్టర్‌గారేమో క్షమించెయ్ అంటున్నారు. ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోటికొచ్చేసరికి నోరు పెగలట్లేదు.

జవాబు: బ్రదర్, అక్కడ నోరు పెగలట్లేదంటే మీ విశ్వాసం పోయిందని కాదు, ఆ మాట మీకు నిజంగా తగులుతోందని. మాలో చాలామందిమి గడగడా చదివేసి ఆమెన్ అనేస్తాం.

మీకు జరిగింది చిన్న అన్యాయం కాదు, ముందు అది ఒప్పుకోవాలి. మత్తయి సువార్త 18లో కథ గుర్తుందిగా, పదివేల తలాంతుల అప్పు, అంటే జన్మలో తీర్చలేనంత అప్పు మాఫీ అయినవాడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. ఆ నూరు దేనారాలు ఏదో చిల్లర అన్నట్టు చెప్తుంటారు గానీ, అప్పట్లో ఒక దేనారమంటే ఒక రోజు కూలి, అంటే మూడు నెలల పైన రెక్కల కష్టం. అది నిజమైన అప్పే. ప్రభువు అప్పు లేదనట్లేదు, గొంతు వదలమంటున్నాడు.

ఇక రికార్డింగ్ సంగతి. అదే అధ్యాయం 15వ వచనం నుంచి చదవండి, సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పమన్నాడు, వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లమన్నాడు, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మీరేమో ఫస్ట్ గ్రూప్‌లో పెట్టేద్దామంటున్నారు. ఇంటి గురించి అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. అయినా ఆ వాయిస్ బయటికొస్తే ఇల్లు తిరిగొస్తుందా, రాదు, వదిన, పిల్లలు ఆదివారం చర్చిలో తలెత్తుకోలేరు, అంతే. ఆయన పెద్దరికానికి తగడనిపిస్తే అది పాస్టర్‌గారికి విడిగా చెప్పండి, గ్రూప్‌కి కాదు.

క్షమించెయ్ అన్నారని ఇల్లు కూడా వదిలేసుకోవాలా అంటే, నేనలా చెప్పను. బైబిల్లో యోసేపుని అన్నలు 17 ఏళ్లప్పుడు అమ్మేశారు, ఐగుప్తులో అధికారి అయ్యాక మళ్లీ వాళ్ల ముందు తనెవరో చెప్పుకునేసరికి 39. ఆ రోజు ఐగుప్తీయులకి వినబడేంత గట్టిగా ఏడ్చాడు. కానీ అంతకుముందే తమ్ముడు బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించి, దొంగతనం మోపి, ఈ తమ్ముణ్ణి కూడా వదిలేసి పోతారా అని చూశాడు. పగ తీర్చుకోలేదు, అలాగని గుడ్డిగా నమ్మేయనూ లేదు. మీరూ అన్నయ్యని వెంటనే నమ్మక్కర్లేదు. కోర్టు గురించైతే 1 కొరింథీ 6లో పౌలు, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని అడుగుతాడు, అందుకే ముందు మీ ఇద్దరూ గౌరవించే మనిషి ఎవరో వెతకండి, అదీ కుదరకపోతే లాయర్‌ని కలవడం పగ అని నేననుకోను, మీ వాటా అడగడం వేరు, ఆయన పరువు తీయడం వేరు.

ఈ రాత్రి ప్రార్థనలో ఆ మాట దగ్గర ఆగిపోతే ఆగిపోండి, "ప్రభువా, నా వల్ల కావట్లేదు, నువ్వే నేర్పించు" అనండి చాలు. తర్వాత ఆ రికార్డింగ్ డిలీట్ చేసి అన్నయ్యకి ఫోన్ చేయండి, "అన్నయ్యా, నాన్న సంతకం గురించి నీతో ఒంటరిగా మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటావ్?" అని అడగండి.