పరిశోధన కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నెల్లూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సౌర ఘటాల పదార్థాలపై, ముఖ్యంగా పెరోవ్‌స్కైట్‌పై పరిశోధన చేయాలని ఉంది. విదేశంలో రెండేళ్ల ఎం.ఎస్.కు 35 లక్షలవుతుందని, ఇల్లు తాకట్టు పెడితే రుణం వస్తుందని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. నాన్నగారికి రెండెకరాల రొయ్యల గుంట, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ లక్ష్యం పరిశోధనే అయితే ఇల్లు తాకట్టు పెట్టకండి. సైన్సులో పీహెచ్‌డీ అప్పు చేసి కొనుక్కునే చదువు కాదు, నెలనెలా ఫెలోషిప్ తీసుకుంటూ చేసే పని. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) హోదాలో 42,000 రూపాయలు వస్తాయి. అయిదేళ్లూ అందితే అది 24 లక్షలు. అదే 35 లక్షల రుణాన్ని 10.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీని పక్కన పెట్టినా, నెలకు సుమారు 47 వేలు కట్టాలి. ఎం.ఎస్. ముగించి ఇక్కడ పీహెచ్‌డీలో చేరితే మీ ఫెలోషిప్ మొత్తం ఆ వాయిదాకు చాలదు, మిగతా భారం గుంట మీద పడుతుంది. రొయ్యలకు వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల వ్యాధి తగిలి పంటను అర్ధాంతరంగా పట్టేయాల్సి వచ్చిన ఏడాది ఎలా గడుస్తుందో నాన్నగారిని అడగండి.

పెరోవ్‌స్కైట్ ఘటం ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం 2009లో 3.8 శాతం, నేడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటింది. అయితే ఘటంలోని నల్లని పెరోవ్‌స్కైట్ పొరకు తేమ తగిలితే పసుపు పచ్చగా మారి పాడైపోతుంది, అందుకే చాలా చోట్ల దాన్ని నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్సులో (చేతి తొడుగులు అమర్చిన మూసిన పెట్టెలో) తయారు చేస్తారు. అది మార్కెట్లో ఎప్పుడు నిలదొక్కుకుంటుందో తెలియనప్పుడు దాని మీద ఇంటిని పందెం కాయడం తగదు. పలుచని పొరలు వేయడం, ఎక్స్-రే డిఫ్రాక్షన్ (ఎక్స్-కిరణాలతో పదార్థపు స్ఫటిక నిర్మాణాన్ని పరిశీలించడం) వంటి పనులు నేర్చుకుంటే సిలికాన్ సౌర ఘటాల రంగంలోనూ అక్కరకు వస్తాయి. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల్లో, ముంబయి ఐఐటీలో ఈ రంగంలో పని జరుగుతోంది.

విదేశమే కావాలంటే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయండి. అమెరికాలో అసిస్టెంట్‌షిప్‌తో పాటు ట్యూషన్ ఫీజు మినహాయింపు దొరికే అవకాశం ఉంటుంది, జర్మనీలో చాలామంది పరిశోధకులు జీతం మీదే పనిచేస్తారు.

ఇక చేతిలోని డబ్బు సంగతి. ఏడాది పాటు నెట్, గేట్ పరీక్షలకు చదవడానికి లక్షన్నర కేటాయించండి, నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. మరో లక్ష ముట్టుకోకండి, ఎందుకంటే చేరిన కొత్తలో కాగితాలు కదిలేదాకా ఫెలోషిప్ ఆలస్యమై, తర్వాత బకాయిలతో కలిపి పడటం మామూలే. మిగతాది గుంటకు అక్కరకు వచ్చే సొమ్ము. రెండేళ్లలో జేఆర్‌ఎఫ్ రాకపోతే పరిశోధన ప్రాజెక్టుల్లోని ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టండి. ఈసారి డిపాజిట్ గడువు తీరినప్పుడు 4 లక్షలకు ఒకే రసీదు కాకుండా లక్ష చొప్పున నాలుగు చేయించమని నాన్నగారితో చెప్పండి, అప్పుడు ఒకదాన్ని ముందుగా తీసుకున్నా మిగిలిన మూడింటి వడ్డీ తగ్గదు.