మా ఆయనకి సీ6 ఇంజురీ, ఏ వీల్‌చైర్ కొనాలి అని అడిగిన చెల్లికి

చెల్లీ, మీ ఆయన హెచ్1బీ మీద అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు, యాక్సిడెంట్ అయ్యి రీహాబ్‌లో నాలుగో వారం అన్నావు, చదువుతుంటే చేతులు వణికాయి నాకు. మావారికీ మెడలో సీ6 (మెడ వెన్నుపూసల్లో ఆరోది) దగ్గరే దెబ్బ, పన్నెండేళ్ళయింది. నువ్వు ఏ వీల్‌చైర్ కొనాలి అనడిగావు, ఇప్పుడప్పుడే ఏదీ కొనకమ్మా. రీహాబ్‌లో ఉన్నన్నాళ్ళూ అక్కడి ఓటీ (చేతి పనులు, రోజువారీ పనులు నేర్పే థెరపిస్ట్), పీటీ (ఫిజియోథెరపిస్ట్) వాళ్ళని వదలకుండా పట్టుకుని ఉన్నవన్నీ ఆయన చేత వాడించి చూడు, కొనడం తర్వాత.

ముందు చేతుల సంగతి. సీ6 వాళ్ళకి మణికట్టు పైకి లేస్తుంది గానీ వేళ్ళు ఆడవు. అయితే మణికట్టు ఎత్తినప్పుడు వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, టెనోడీసిస్ అంటారు దాన్ని, ఆ కాస్త పట్టుతోనే మావారు మందుల సీసా, ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుంటారు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి కొడుకు వేళ్ళు వంకరపోతున్నాయని రోజూ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి వేళ్ళన్నీ బారుగా లాగేవారు, ఓటీ చూసి పరుగున వచ్చి ఆపింది. అలా లాగితే లోపలి నరాలు సాగిపోయి (మనం నరాలంటాం గానీ అవి కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు) ఆ పట్టు కాస్తా పోతుందట. వేళ్ళు చాపాలంటే మణికట్టు కిందికి వంచి చాపాలి. మీ వాళ్ళెవరైనా వస్తుంటే ఫ్లైట్ ఎక్కకముందే ఈ ముక్క చెప్పు.

తినడానికి యూనివర్సల్ కఫ్ అని అరచేతికి వెల్‌క్రోతో చుట్టే పట్టీ ఉంటుంది, అందులో చెంచా దూర్చుకుంటారు, పెద్ద ఖరీదేం కాదు. పప్పన్నం కాస్త గట్టిగా కలిపి, ఒకవైపు అంచు ఎత్తుగా ఉన్న ప్లేటులో పెట్టి, కింద జారకుండా రబ్బరు మ్యాట్ వేసి ఇచ్చేదాన్ని. మొదటిరోజు సగం ఒళ్ళో పడింది, నేను తినిపించబోతే వద్దు నేనే తింటా అన్నారు, గంట పట్టింది, అన్నం చల్లారిపోయింది, కానీ ఆ పూట ఆయన మొహంలో కనిపించిన వెలుగు నేను మర్చిపోలేను.

ఫోన్ కోసం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. మాటతోనే ఫోన్ నడపడానికి ఐఫోన్‌లో 2019 నుంచి వాయిస్ కంట్రోల్ ఉంది, ఆండ్రాయిడ్‌లో వాయిస్ యాక్సెస్ ఉంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో వెతుకు. షో నంబర్స్ అంటే స్క్రీన్ మీద ప్రతి బటన్‌కీ ఒక నంబర్ వస్తుంది, ఆ నంబర్ పలికితే చాలు. మన పేర్లు దానికి పట్టుబడవు, అందుకని కాంటాక్ట్స్‌లో అమ్మని మామ్ అనీ, వెంకటేశ్వర్రావు మావయ్యని అంకుల్ వన్ అనీ మార్చిపెట్టాం. ఆయన రాత్రి రెండింటికి నన్ను లేపకుండా తనంతట తను వాళ్ళమ్మకి ఫోన్ చేసుకున్న రోజు నేను పక్క గదిలో వింటూ ఏడ్చాను.

ఇక వీల్‌చైర్. దాన్ని ఆన్‌లైన్‌లో చూసి కొనకూడదు. ఓటీనో పీటీనో, సప్లయర్ తరఫున ఏటీపీ (అసిస్టివ్ టెక్నాలజీ ప్రొఫెషనల్) అనే సర్టిఫైడ్ మనిషి కలిసి కొలతలు తీసి, ఇది వైద్యపరంగా అవసరమేనని డాక్టర్ మెడికల్ నెసెసిటీ లెటర్ రాస్తే ఇన్సూరెన్స్‌కి వెళ్తుంది. కుషన్ విషయంలో మాత్రం రాజీపడకు, స్పర్శ లేని చోట ఒత్తిడి పడితే పుండు పడుతుంది, ఒక్క పుండు నెలల తరబడి మంచాన పడేస్తుంది. మాకు పవర్ చైర్‌లో వెనక్కి వాలే టిల్ట్ ఫంక్షన్‌ని సౌకర్యం కోసమే అని మొదట ఇన్సూరెన్స్ వాళ్ళు డినై చేశారు. మేం చేతకాక ఊరుకున్నాం, మూడు నెలల తర్వాత సోషల్ వర్కర్ తిట్టి అప్పీల్ వేయించింది, ఒత్తిడి తగ్గించుకునే దారి ఆయనకి ఇంకొకటి లేదని పీటీ రాసిచ్చింది, అప్పుడు వచ్చింది. డినయల్ చేతికొచ్చిన దగ్గర్నుంచి అప్పీల్ వేయడానికి 180 రోజుల టైమ్ ఉంటుంది, అక్కడా కాదంటే బయటివాళ్ళ చేత ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు. ఇంకోటి, ఈ ఏడాది ఔట్ ఆఫ్ పాకెట్ లిమిట్ (ఏడాదిలో మన జేబులోంచి కట్టాల్సిన హద్దు) హాస్పిటల్ బిల్లులతోనే దాటిపోయి ఉంటుంది కదా, చైర్ ప్లాన్ ఇయర్ (ఇన్సూరెన్స్ ఏడాది) మారకముందే డెలివరీ అయ్యేలా సప్లయర్ వెంటపడు, దాటితే డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనం కట్టేది) మళ్ళీ మొదట్నుంచి.

చైర్ వచ్చేదాకా ఏం చేయాలంటే, ప్రతి స్టేట్‌కీ అసిస్టివ్ టెక్నాలజీ ప్రోగ్రామ్ ఒకటుంది, 1988లో వచ్చిన చట్టంతో మొదలైనవి, పరికరాలు చూపిస్తారు, కొన్ని వారాలు ఇంటికిచ్చి వాడి చూడమంటారు. న్యూజెర్సీలో క్రిస్టఫర్ అండ్ డానా రీవ్ ఫౌండేషన్ ఉంది, సినిమాల్లో సూపర్‌మ్యాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడ్డాక పెరిగిన సంస్థ, ఏ స్టేట్ నుంచి ఫోన్ చేసినా మాట్లాడతారు, ఇదే దెబ్బ తగిలి నిలదొక్కుకున్న మనిషిని ఫ్రీగా మీకు జత చేస్తారు.

చుట్టాలు వాట్సాప్‌లో రోబో కాళ్ళ వీడియోలు పంపుతుంటారు, ఫండ్‌రైజర్ డబ్బులతో అది కొనేయమంటారు. రీవాక్ అనే దానికి 2014లోనే ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకి ఓకే చెప్పే ప్రభుత్వ సంస్థ) అనుమతి వచ్చింది, నిజమే, కానీ దానికి చేతికర్రలు గట్టిగా పట్టుకోగలగాలి, సీ6 వాళ్ళకి సరిపడదు. ఆ డబ్బు బాత్రూమ్‌కి పెట్టు. అద్దె ఇల్లయినా సొంత ఖర్చుతో గ్రాబ్ బార్స్ (గోడకి బిగించే పట్టుకునే కడ్డీలు), ర్యాంప్ పెట్టుకుంటామంటే న్యాయమైన మార్పులకి ఓనర్ కాదనకూడదు, ఫెయిర్ హౌసింగ్ చట్టం అది.

ఇండియా వెళ్ళే మాట ఇప్పుడే కాదులే గానీ, చైర్ చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడుగు, మాది 110కే పనిచేసేది, మొదటిసారి విజయవాడలో ప్లగ్గు పెట్టగానే కాలిపోయింది.

ముందు ఈ రెండు చెయ్యి, మీ బాత్రూమ్ తలుపు వెడల్పు టేపుతో కొలువు, ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి కేస్ మేనేజర్‌ని (మన కేసు మొత్తం చూసుకునే మనిషిని) ఇమ్మని అడుగు. కొలత తెలిశాక నాకు చెప్పు, ఏ షవర్ చైర్ లోపలికి పడుతుందో కలిసి చూద్దాం.