‘ఇదంతా నీ సొంత జుట్టేనా?’ అని అడగొచ్చా?

ప్రశ్న: అక్కా, మేం డాలస్ పక్కన ప్లానోలో ఉంటాం. మా టీమ్‌లోకి కొత్తగా ఒక నల్లజాతి అమ్మాయి వచ్చింది. నడుము దాటి జుట్టు, సన్నసన్న పాయలుగా మెలిపెట్టి వదిలేస్తుంది. నాకు చిన్నప్పటి నుంచి పొడుగు జడల పిచ్చి, చూడకుండా ఉండలేను. మొన్న లిఫ్ట్‌లో ‘ఇదంతా నీ సొంత జుట్టేనా?’ అని అడిగేశాను, నిజంగా మెచ్చుకుందామనే. ‘అవును’ అని ఒక్క ముక్క అని ఫోన్ చూసుకుంది. అప్పటి నుంచి పలకరింపు కూడా ముక్తసరిగానే. మన ఊళ్లో అయితే జడ చేత్తో పట్టుకుని మరీ ఏ నూనె రాస్తావని అడుగుతారు, మనం మురిసిపోతాం. ఇందులో అంత బాధపడేదేముంది? జనం అలా చూస్తుంటే అసలు వాళ్లకెలా ఉంటుంది?
– పేరు వద్దు, ప్లానో

జవాబు: చూసినందుకు కాదమ్మా ఆ అమ్మాయి ముడుచుకుపోయింది, ‘నీ సొంతమేనా’ అన్నందుకు. మీరు ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి కావచ్చు, ఆమె వినడం మాత్రం కాదు. సూపర్ మార్కెట్ లైన్లో వెనక నిలబడ్డావిడ అడుగుతుంది, డెంటిస్ట్ దగ్గర రిసెప్షన్‌లో అడుగుతారు, కొత్త మేనేజర్ నవ్వుతూ అడుగుతాడు. అడగనివాళ్లు చూస్తారు. ముందు జుట్టు చివర చూస్తారు, తర్వాత చూపు మెల్లగా మాడు మీదికి వెళుతుంది, అక్కడ కుట్టో జిగురో కనిపిస్తుందేమోనని. ఒళ్లు మండించేది ఎక్కువగా ఆ మాడు మీద పడే చూపే.

మన దగ్గర వాలుజడను చూసే కళ్లల్లో మురిపెం ఉంటుంది, కాస్త అసూయా ఉంటుంది, దిష్టి తగులుతుందని అమ్మ ఆ రాత్రి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది, మర్నాడు మళ్లీ అదే జడతో కాలేజీకి పోతాం. అనుమానం మాత్రం ఉండదు. ఆడపిల్లకు జుట్టు పెరుగుతుందన్నది మనకు మామూలు సంగతి. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల విషయంలో చాలామంది మనసులో ఉన్నది దీనికి పూర్తిగా తలకిందులు: వీళ్లకు జుట్టు పెరగదు, పొడుగ్గా కనిపించిందంటే అది అతికించిందే. మీరు మంచి మనసుతోనే అడిగారు, కాదనను. కానీ మీ ప్రశ్న కూడా ఆ నమ్మకం మీదే నిలబడింది. మీ టీమ్‌లో ఇంకో తెలుగమ్మాయికి అదే పొడుగు జుట్టుంటే ‘నీదేనా’ అనేవారా? ‘అబ్బ, ఎంత జుట్టో’ అనేవారు.

పెరగదన్నది నిజం కాదు. తల వెంట్రుక నెలకు అటూ ఇటుగా ఒక సెంటీమీటరు పెరుగుతుంది, వాళ్లదీ పెరుగుతుంది, వేగం కాస్త తక్కువంటారు, అంతే. అసలు చిక్కు తెగడంలో ఉంది. వెంట్రుక బిగుతుగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది కాబట్టి మాడు మీద ఊరే సహజమైన జిడ్డు చివరిదాకా జారదు, పొడిబారుతుంది, ప్రతి మలుపు దగ్గరా పెళుసవుతుంది, దువ్వెన గట్టిగా లాగితే అక్కడే పుటుక్కుమంటుంది. పైగా ఉన్న పొడుగు కూడా బయటికి కనిపించదు. నేను అట్లాంటాలో ఉన్న రోజుల్లో మా పై ఫ్లాట్ ఆవిడ ఆదివారం పూట తలంటుకునేది, ఆ పని మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఇంకో పని ముట్టుకునేది కాదు. తలను పాయలు పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టి, కండిషనర్ దండిగా పట్టించి, ఒక్కో పాయనూ కింది కొస నుంచి పైకి వేళ్లతోనే చిక్కు తీసేది. ఒకసారి నాకు చూపించడానికే తడి పాయ ఒకటి పట్టుకుని కిందికి సాగదీసింది. నడుము దాకా వచ్చింది. వదిలేయగానే స్ప్రింగులా చుట్టుకుని భుజం మీద కూర్చుంది. ‘ఇన్నేళ్ల నా కష్టం లోకానికి కనిపించేది ఇంతే’ అని నవ్వింది. ఆ మిగతా పొడుగు కనిపించాలనే సన్నగా అల్లుకోవడం, మెలిపెట్టుకోవడం, లాక్స్ (వెంట్రుకలు పెనవేసుకుని తాళ్లలా గట్టిపడే పాయలు) కట్టుకోవడం. రాత్రి సాటిన్ టోపీ పెట్టుకోనిదే పడుకునేది కాదు, నూలు గలీబు తేమ లాగేస్తుందని.

మీ కొలీగ్ తన సొంత జుట్టేనంది కదా, దాని వెనక ఏళ్ల తరబడి ఇలాంటి ఆదివారాలు ఉన్నాయి. అంత చేశాక ఎవరో దారినపోయేవాళ్లు ‘ఎక్కడ కొన్నావ్’ అన్నట్టు చూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక ఎలా ఉంటుందని అడిగారు కదా, అందరికీ ఒకేలా ఉండదు. 2013 జూన్‌లో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో కొందరు నల్లజాతి స్త్రీలు ‘నా జుట్టు ముట్టుకోవచ్చు’ అని అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరైనా వచ్చి ముట్టుకోవచ్చు, అడగదలచుకున్నది అడగొచ్చు, మనసులో దాచుకునే కుతూహలాన్ని బయట పెట్టేద్దాం అన్నది వాళ్ల ఉద్దేశం. అది తెలిసి అక్కడికే మరికొందరు నల్లజాతి స్త్రీలు ‘నా జుట్టు ముట్టుకోకూడదు’ అని ఎదురు అట్టలతో వచ్చారు, మేమేమైనా జంతు ప్రదర్శనశాలలో ఉన్నామా అని. రెండు వైపులా ఉన్నది వాళ్లే. కాబట్టి ‘నల్లజాతి ఆడవాళ్లంతా ఇలా అనుకుంటారు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే. చూపులంటే ఇష్టపడేవాళ్లున్నారు. ఇంత కష్టపడి పెంచింది చూడటానికే కదా అంటారు. ముఖ్యంగా సాటి నల్లజాతి ఆడవాళ్లు ఆగి చూసి ‘ఎలా పెంచావ్, ఏం వాడతావ్’ అని అడిగితే నిలబడి అరగంట చెప్పేవాళ్లు బోలెడుమంది. అది మన ‘ఏ నూనె రాస్తావ్’ లాంటిదే, అందులో పరీక్ష లేదు.

అయితే సొంతవాళ్ల చూపూ కొన్నిసార్లు గుచ్చుతుంది. ‘ఇంత జుట్టుందంటే మీ వంశంలో వేరే రక్తం ఉండాలే’ అంటారు. అంటే అందం ఏదైనా ఉంటే అది బయటి నుంచే వచ్చి ఉండాలన్నమాట! ఇది మనకు కొత్తా? ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లను చూసి ‘మీరేవుట్లు?’ అని కులం ఆరా తీసేవాళ్లు మన పెళ్లిళ్లలో వరసకొకరు దొరుకుతారు.

కొంత పాత సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఒక్క ప్రశ్నకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. 1786లో లూసియానాలో స్పానిష్ గవర్నర్ మీరో, బానిసత్వంలో లేని నల్లజాతి స్త్రీలు కూడా బయట జుట్టు కనిపించకుండా గుడ్డ చుట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. వాళ్లు ఈకలూ నగలూ పెట్టి ముస్తాబైతే ఊరంతా వాళ్లనే చూస్తోందని గొడవ. వాళ్లేం తక్కువ తిన్నారా, ఆ గుడ్డలనే రంగురంగులుగా, రకరకాల ముడులతో చుట్టి ఫ్యాషన్ చేసేశారు. అది అప్పటి మాట అనుకుంటే, 2010లో అలబామా రాష్ట్రం మొబీల్‌లో ఒక నల్లజాతి యువతికి వచ్చిన ఉద్యోగం లాక్స్ తీయనన్నందుకు వెనక్కి పోయింది, 2016లో అప్పీలు కోర్టు కంపెనీదే రైటంది. విమానాశ్రయాల్లో మెషీన్ దాటాక కూడా జుట్టులో చేతులు పెట్టి తడిమేవారు. ఫిర్యాదు మీద 2015లో భద్రతా సంస్థ, ఇందులో వివక్ష లేకుండా సిబ్బందికి శిక్షణ ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2019లో కాలిఫోర్నియా మొదటగా క్రౌన్ యాక్ట్ తెచ్చింది, జుట్టు తీరును బట్టి స్కూల్లో, ఉద్యోగంలో వివక్ష కూడదని. మీ టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఉండి కూడా, హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూల్లో నల్లజాతి కుర్రాణ్ణి లాక్స్ పొడుగున్నాయని నెలల తరబడి క్లాసు బయట కూర్చోబెట్టారు, ఈ చట్టం పొడుగు గురించి చెప్పలేదని 2024 ఫిబ్రవరిలో జడ్జి స్కూల్ వైపే తీర్పిచ్చాడు. ఇవన్నీ తెలిసిన మనిషి లిఫ్ట్‌లో ఇంకో కొత్త మొహం తన జుట్టునే చూస్తుంటే ముందే బిగుసుకుంటుంది. అందులో మీ తప్పు ఎంత, మిగతా లోకం తప్పు ఎంత అని ఆమె ఆ నిమిషంలో లెక్కలేసుకోదు.

ఇప్పుడేం చేయాలంటారా? పెద్ద క్షమాపణలొద్దు, అలా చేస్తే ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. పారాషూట్ నూనె సీసా బహుమతిగా పట్టుకెళ్లకండి, దయచేసి. ఆ జుట్టును కొన్నాళ్లు మర్చిపోయి పని సంగతులు మాట్లాడండి, లంచ్‌కి పిలవండి. ఎప్పుడైనా కొత్తగా ముడేసుకొస్తే ‘ఇవాళ బావుంది’ అని ఒక్క మాట అనేసి ముందుకు నడవండి. ఆగి జవాబు కోసం చూడొద్దు. చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, వాళ్లు పెట్టుకునే విగ్గులన్నీ మన కల్యాణకట్ట జుట్టేనని అందరికీ తెలుసు. మరి ‘నీదేనా’ అని అడిగితే రోషమెందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ‘అన్నీ’ అనకండి సార్. కొండ మీద భక్తులు ఇచ్చిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది, పొడుగు ఎంత ఎక్కువైతే ధర అంత. అక్కడి నుంచి ఎగుమతిదారులు, విగ్గుల తయారీదారులు. కొనేది నల్లజాతి స్త్రీలే కాదు, సినిమా తారలున్నారు, జబ్బు చేసి జుట్టు పోయినవాళ్లున్నారు, పెళ్లయ్యాక సొంత జుట్టు కనపడనివ్వని సంప్రదాయ యూదు స్త్రీలు కూడా ఉండేవారు. 2004లో వాళ్ల మతగురువులు ఇది గుళ్లో ఇచ్చిన జుట్టని అభ్యంతరం చెప్పాక కొందరు తమ విగ్గులను వీధిలో తగలబెట్టారు. ఇక మీరు వీధిలో చూసే ఆ సన్నటి పొడుగు జడల్లో కలిపేది చాలావరకు కృత్రిమ దారమే, మన వెంకన్న దగ్గరి జుట్టు కాదు.

అతికించుకున్నదే అనుకుందాం. మన అమ్మమ్మల కాలం నుంచి సవరం లేదా? పెళ్లికూతురి పూలజడ మోకాళ్ల దాకా వేలాడితే వేదిక ఎక్కి ‘సొంతమా, సవరమా’ అని ఎవరైనా అడుగుతారా? పక్కకెళ్లి గుసగుసలాడతారు, అది వేరే సంగతి.

ఇంకోటి, ఆఫ్రికాలో పొడుగు జుట్టు లేదనుకోవడం కూడా పొరపాటే. చాద్ దేశంలో బసారా ఆడవాళ్లు చేబే అనే పొడిని నూనెతో కలిపి జుట్టు పొడవునా పట్టించి అల్లేస్తారు, తెగకుండా నడుము దాకా పెంచుకుంటారు. నమీబియా మ్బలాంటు స్త్రీలకు నేలను తాకేంత జడలు ఉండేవి, వాటిలో దారాలు కలిపి అల్లేవారు. తరతరాలుగా ఆడపిల్ల ఏ వయసులో ఏ జడ వేసుకోవాలో అక్కడ లెక్కలుండేవి.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా క్లాసులో సూడాన్ అమ్మాయి ఉంది, టోలీచౌకీలో ఉంటుంది. మేమిద్దరం బస్సెక్కితే అందరూ ఆమె జడలనే చూస్తారు, ఒకడు ఫోన్ తీసి ఫొటో కూడా తీస్తున్నాడు. ఆమె ఏమీ అనదు, నాకే తల కొట్టేసినట్టుంటుంది. నేనేం చేయాలి?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చూసేవాళ్లందరితో గొడవ పెట్టుకోలేవు, పెట్టుకోకు కూడా. పిల్లలు చూస్తే చూడనీ. ఫోన్ తీసినవాడి సంగతి వేరు. ‘అన్నా, అడక్కుండా ఫొటో తీయొద్దు, తీసేయ్’ అని అందరికీ వినపడేలా చెప్పు, పక్కన ఎవరో ఒక పెద్దావిడ తప్పకుండా గొంతు కలుపుతుంది, వినకపోతే కండక్టర్ని పిలువు. వెనక నుంచి జడ ముట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఆమెను కిటికీ వైపు కూర్చోబెట్టి నువ్వు ఇటు కూర్చో. ముందుగా మాత్రం ఆమెనే అడుగు, నేను మాట్లాడనా, వదిలేయనా అని. వదిలేయమంటే వదిలెయ్, ఆ రోజు ఆమెకు ఓపిక లేకపోవచ్చు. బస్సు దిగాక దాని గురించి ఆమె ఎత్తితే విను, ఎత్తకపోతే రేపటి రికార్డు ఎంతవరకు రాశారో మాట్లాడుకోండి.