నాన్న పోయాక రేకుల వ్యాపారంలో వాటా: మిగిలింది ఎనిమిది నెలలే

ప్రశ్న: బాలానగర్‌లో నాన్న, బాబాయి చెరి సగం వాటాతో 1986లో ఏసీ డక్టుల రేకు పని మొదలుపెట్టారు. ఒప్పందపత్రం ఉంది, ఫర్మ్ రిజిస్టర్ కాలేదు. పదో తరగతి నుంచీ నేను అక్కడే పనిచేస్తున్నాను. నాన్న పోయి రెండేళ్ళ నాలుగు నెలలైంది. ‘నువ్వు జీతగాడివే, రిజిస్టర్ కాని ఫర్మ్ మీద కోర్టుకెక్కలేవు’ అంటున్నారు బాబాయి. నాన్న నన్ను భాగస్వామిగా చేర్చుకున్నట్టు పాత స్టాంపు పేపరు మీద రాయిద్దామని తెలిసినవారు అంటున్నారు. అమ్మ, చెల్లి ఉన్నారు. నా కష్టానికి విలువ లేదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కష్టం ఈ కేసును తేల్చదు. తేల్చేది మీ నాన్నగారు పోయిన తేదీ. ఇద్దరే భాగస్వాములున్న ఫర్మ్, ఒకరు చనిపోగానే రద్దవుతుంది. ఆ రోజు నుంచి మూడేళ్ళలోపు లెక్కలు, వాటా కోరుతూ దావా వేయాలి (కాలపరిమితి చట్టం, ఆర్టికల్ 5). ఇన్నాళ్ళూ జీతం తీసుకుంటూ ఒక్కసారైనా లెక్క అడగకపోవడం క్షమించరాని అజాగ్రత్త. షెడ్డు స్థలం ఉంది కదా, స్థిరాస్తి దావాలకుండే పన్నెండేళ్ళ గడువు దీనికీ ఉంటుందని అనుకోకండి. ఫర్మ్‌లో భాగస్వామి వాటా చరాస్తేనని అద్దంకి నారాయణప్ప కేసులో సుప్రీంకోర్టు 1966లోనే చెప్పింది. మామూలు లాయరు నోటీసుతో గడువు ఆగదు.

రిజిస్ట్రేషన్ గురించి మీ బాబాయిగారి మాట తప్పు. రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం వేసే దావాకు భాగస్వామ్య చట్టం సెక్షన్ 69(3) మినహాయింపు ఇచ్చింది.

ఆ పాత స్టాంపు పేపరు జోలికి మాత్రం వెళ్ళకండి. అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద మీరే ముద్దాయి అవుతారు. స్టాంపు వెనుక అమ్మిన తేదీ, నంబరు ఉంటాయి. ఫర్మ్ ఆదాయపు పన్ను రిటర్నులన్నీ ఇద్దరు భాగస్వాములనే చూపిస్తాయి. ఆ కాగితం వీగిపోతే, నిజమైన సగం వాటా మీదా జడ్జికి అనుమానం వస్తుంది. అసలు మీకు అది అవసరమే లేదు. వీలునామా లేకపోతే నాన్నగారి సగానికి అమ్మ, మీరు, చెల్లి సమాన వారసులు. నానమ్మ ఉంటే ఆమెకూ సమాన వాటా. చెల్లిని వదిలేసి దావా వేయకండి.

సాక్ష్యం దగ్గరే ఇలాంటి కేసులు దెబ్బతింటాయి. నాన్నగారు పోయిన రోజు నాటికి ఏమేం ఉన్నాయో చూపాలి. భాగస్వాముల పెట్టుబడి ఖాతాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు సేకరించండి. ఈ-వే బిల్లులు (సరుకు రవాణా పత్రాలు) ఉంటే, కొన్న జీఐ (జింకు పూత) రేకును బాబాయిగారు తుక్కుగా చూపడం కష్టం. డక్టు పనికి బిల్లు చదరపు మీటర్ల లెక్కన, గేజిని (రేకు మందాన్ని) బట్టి పడుతుంది. 24 గేజి రేటు వేరు, 22 గేజి రేటు వేరు. అందుకే సైటువారీ కొలతల షీట్లు కావాలి. బిగించి బిల్లు చేయని పనీ, కాంట్రాక్టర్లు హామీగా బిల్లులోంచి పట్టి ఉంచిన రిటెన్షన్ సొమ్మూ పాత ఫర్మ్‌వే, చేతికి ఎప్పుడు వచ్చినా సరే. బాబాయిగారు లెక్క తేల్చకుండా ఫర్మ్ మిషన్లతోనే వ్యాపారం నడుపుతున్నారు గనుక, ఆ ఆస్తి వాడకం వల్ల వచ్చిన లాభంలో వాటా గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ మీరే ఎంచుకోవచ్చు (సెక్షన్ 37).

ముందు ఒప్పందపత్రం చదవండి. అందులో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టు బయట ఒక తీర్పరి తేల్చాలన్న షరతు) ఉంటే వారసులుగా మీరు దాన్ని వాడుకోవచ్చు. ఆర్బిట్రేషన్ కోరే నోటీసు బాబాయిగారికి అందిన రోజుతో గడువు ఆగుతుంది. షరతు లేక, విలువ 3 లక్షలకు తగ్గకపోతే కమర్షియల్ కోర్టు దారి. అక్కడ అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందుగా రాజీ కోసం మధ్యవర్తిత్వం (మీడియేషన్) తప్పనిసరి, లేకుంటే దావా తిరస్కరిస్తారు. మిషన్లు, రేకులు తరలిపోతాయన్న భయం నిజమైతే దావాతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్ళి చూసే లాయరును) వేసి జాబితా రాయించమని దరఖాస్తు పెట్టండి. మరణ ధ్రువపత్రం, ఒప్పందపత్రం తీసుకుని ఈ వారమే లాయరును కలవండి.